పాటు వేళ

చిలోయే దీవి తూర్పు ఒడ్డున
రేవు గోడ మీద పెట్టె తెరిచి
నాలుగు రెక్కలూ బిగించాను.
క్యాలెండర్‌కి పన్నెండు ఫొటోలు కావాలి.
మనుషులు వద్దన్నారు కంపెనీ వాళ్ళు,
మనిషి పడితే సముద్రం పాతబడుతుందట.

నూట ఇరవై మీటర్లు.
అక్కణ్ణుంచి ఒడ్డు
ఎవరో తొందరలో చించిన కాగితం అంచు.
నురగ ఇటు కుట్టుకొస్తుంది, అటు విప్పేసుకుంటుంది.
కర్రకాళ్ళ మీద నిలబడ్డ ఇళ్ళకి
పైనుంచి కాళ్ళుండవు, రంగు రేకులే.
చలి లేదు. చేపల కంపు లేదు.
పైనుంచి అన్నీ
క్షమించేసినట్టే ఉంటాయి.

ఒక్క చుక్క మాత్రం కదుల్తోంది
బురదలో, నడుం వంచి, గోతం ఈడ్చుకుంటూ.
ఫ్రేములోంచి పోతుందిలే అని చూశాను.
ఐదు నిమిషాలు. బ్యాటరీ డెబ్బై.
పది నిమిషాలు. యాభై.
నీటికాకులు రెండు డ్రోన్ దాకా ఎగిరొచ్చి
తిట్టి పోయాయి.
చుక్క పోలేదు.
పాటు వేళ ఆవిడది,
నాది కాదు.

డ్రోన్‌ని గాల్లోనే నిలిపి
రిమోటు మెడలో వేసుకుని
బూట్లు విప్పి బురదలోకి దిగాను,
కాస్త పక్కకి జరుగుతారా అని అడగడానికి.

ఎదెల్మిరా నావెల్కిన్.
గోతంలో నల్లెర్రని నాచు, చిక్కుపడ్డ జడలు జడలుగా.
"ఆ కందిరీగ నీదేనా?
పొద్దుట్నుంచీ నా నెత్తి మీదే ఏడుస్తోంది."
నాదే అన్నాను.
"ఏం కనిపిస్తుందేం దానికి?"

తెర చూపిస్తే ఎవరైనా ముందు
తమనే వెతుక్కుంటారు.
ఆవిడ వేలు నేరుగా నీళ్ళ మీదికి పోయింది,
తెర మీద ఒక ఉప్పుచుక్క జారింది.
"ఇదేంటి?"

మబ్బు నీడ అన్నాను.
మబ్బు జరిగింది. నీడ జరగలేదు.
నీటి కింద కొడవలి వంపులో రాళ్ళ వరస,
నడుమ ఒకచోట
ఊడిన పన్ను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.
గోతం మూతి మాత్రం బిగించి కట్టింది.
"మా తాత కట్టిన చేపల దడి.
పోటుకి చేపలు గోడ దాటి లోపలికొచ్చేవి,
పాటుకి నీళ్ళు పోయేవి, చేపలు మిగిలేవి.
గంపతో వెళ్ళి ఏరుకోవడమే.
అరవైలో, నాకప్పుడు ఏడేళ్ళు,
ఒక్క మధ్యాహ్నం నేల కుంగింది.
సముద్రం ఒక మెట్టెక్కి కూచుంది.
ఇంకా దిగలేదు.
నాచుకొచ్చినప్పుడల్లా
కాలికి రాయి తగిలితే ఇదేనా అనుకునేదాన్ని.
నలభై ఏళ్ళు తప్పు చోట తడుముతున్నానన్నమాట."

కిందికి దించమంది.
దించాను. అరవై మీటర్లు. ఇరవై.
దగ్గరయ్యేకొద్దీ గోడ కరిగిపోయి
నీళ్ళ మీద ఎండ తళుకు మిగిలింది.
"మళ్ళీ పైకి పోనీ."
పోనిచ్చాను. గోడ వచ్చింది.
ఆవిడ నవ్వింది, కింది పళ్ళు రెండు లేవు.
"మా తాతా అంతే,
దగ్గరికి పోతే మాట్లాడడు."

బ్యాటరీ పన్నెండు. ఎర్రదీపం.
డ్రోన్ దిగడానికి పొడి నేల లేదు.
నేను దిక్కులు చూస్తుంటే
ఆవిడే చెయ్యెత్తి
పొదిగే కోడిని లేపినట్టు
కడుపు కింద చెయ్యేసి అందుకుంది.
రెక్కలు ఆగేదాకా
దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.

క్యాలెండర్‌కి పదకొండే పంపాను.
పన్నెండోది ఊళ్ళో మందుల షాపులో ముద్రించి
సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళాను.
ఫొటోలో ఆవిడ ఉంది, గోతం ఉంది,
నీళ్ళ కింద కొడవలి ఉంది.

తలకిందులుగా పట్టుకుంది.
సరిచేయబోతే చెయ్యి విదిలించింది,
"మా ఇల్లు ఇటుంది కదా."

రేపు అమావాస్య, పెద్ద పాటు.
తెల్లారేసరికి మోకాలి లోతులో ఉంటానంది.
పెరట్లోంచి ఒక రాయి ఏరి
అప్పటికే గుమ్మం దగ్గర పెట్టుకుంది.